ముద్ద దిగకపోవడమా, దిగనివ్వకపోవడమా: ఈటింగ్ డిజార్డర్లపై చైనా సంప్రదాయ వైద్యం

1980ల చివర్లో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు దగ్గరికి వచ్చిన అనొరెక్సియా (తిండి మానేసి ప్రాణం మీదికి వచ్చేంతగా చిక్కిపోయే మానసిక జబ్బు) పేషెంట్లు పాఠ్యపుస్తకానికి లొంగలేదు. పాశ్చాత్య పుస్తకాల ప్రకారం ఈ జబ్బుకు అసలు గుర్తు లావైపోతామన్న భయం. ఎముకల గూడుగా మిగిలినా అద్దంలో లావుగానే కనిపిస్తారని, అరకిలో పెరిగినా కొంప మునిగినట్టు వణికిపోతారని వాటిలో ఉంటుంది. లీ ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ మాటే ఎత్తలేదు. కడుపు ఉబ్బరంగా ఉంటోంది, ఆకలి వేయడం లేదు, ముద్ద దిగడం లేదు అన్నారు. సహ పరిశోధకులతో కలిసి ఆయన 1993లో ప్రచురించిన అధ్యయనంలో 70 మంది చైనీస్ పేషెంట్లలో 41 మందికి, అంటే దాదాపు 59 శాతానికి, లావు భయం అసలు లేదు. సన్నబడాలన్న కోరికే లేకుండా చిక్కి శల్యమైపోతున్న వీళ్లది అనొరెక్సియానేనా అని అంతర్జాతీయంగా పెద్ద చర్చే నడిచింది.

చైనా సంప్రదాయ వైద్యుడికి మాత్రం ఇందులో వింతేమీ కనిపించదు. ఉబ్బరం, అన్నం సయించకపోవడం, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండడం, వాటి వెనక చెప్పుకోలేని దిగులు, ఈ మొత్తానికీ ఆయన పుస్తకాల్లో రెండు వేల ఏళ్లుగా చోటుంది. చిక్కు మరోచోట ఉంది. ఆకలి చచ్చిపోయిన మనిషికి ఆ వైద్యం దగ్గర బోలెడన్ని మాటలున్నాయి. ఆకలి దహించేస్తున్నా దాన్ని చూసి భయపడి నోరు మూసుకునే మనిషికి పెద్దగా లేవు. నేటి పేషెంట్లలో ఎక్కువమంది ఈ రెండో రకం.

ముందు ఆ వైద్యం లెక్క ఏమిటో చూడాలి. అందులో ప్లీహం అంటే రక్తాన్ని వడకట్టే అవయవం కాదు, జీర్ణశక్తి మొత్తానికి పెట్టిన పేరు. మూలగ్రంథమైన హ్వాంగ్‌ది నైజింగ్ ప్లీహాన్నీ కడుపునూ కలిపి ధాన్యాగారాల అధికారులు అంటుంది. కడుపు తిన్నదాన్ని కిందికి పంపుతుంది, ప్లీహం అందులోని సారాన్ని పైకి లేపి ఒంటికంతా పంచుతుంది. కిందికి దిగాల్సింది ఎదురు తిరిగితే తేన్పులు, వాంతులు. పైకి లేవాల్సింది లేవకపోతే నీరసం, ఉబ్బరం, కాళ్లూ చేతులూ చల్లబడడం. ఈ కదలికకు ఆధారమైన ప్రాణశక్తిని చీ అంటారు. ఒక్కో అవయవానికీ ఒక్కో భావోద్వేగం ముడిపడి ఉంటుంది: కాలేయానికి కోపం, గుండెకు సంతోషం, ప్లీహానికి ఆలోచన. ఒకే విషయాన్ని పట్టుకుని మథనపడితే చీ ముడిపడిపోతుందని నైజింగ్ మాట. కాలేయం సేనాపతి, చీ సాఫీగా పారేలా చూడడం దాని పని. కోపాన్ని మింగేసుకుంటూ ఉంటే ఆ పారకం ఆగి, కాలేయం ప్లీహం మీద పడుతుంది. చైనా పంచభూతాల లెక్కలో కాలేయం కట్టె, ప్లీహం మట్టి, కాబట్టి దీన్ని కట్టె మట్టిని అణచడం అంటారు. ఇంట్లో ఒత్తిడి, పరీక్షల టెన్షన్, పైకి అనలేని కోపం ఇవన్నీ అన్నం దగ్గరికి ఎలా చేరతాయో వివరించడానికి ఈ దారి వాళ్లకు చాలు.

నైజింగ్‌లోనే ఇంకో వాక్యం ఉంది. నేటి చైనా వైద్యులు అనొరెక్సియా గురించి రాసేటప్పుడు దాన్ని తరచూ తలుచుకుంటారు. కడుపు, పెద్దపేగులకు వచ్చే ఒక జబ్బు గుండె, ప్లీహాల్లో మొదలవుతుందని, మనసులో దాచుకున్న సంగతి బయటికి చెప్పుకోలేని స్థితి అందులో ఉంటుందని, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతుందని, ముదిరితే ఒళ్లు కరిగిపోయి ఆయాసం వచ్చి ఇక బాగుచేయలేని దశకు చేరుతుందని దాని సారాంశం. తిండి, మనసు, నెలసరి, కరిగిపోవడం, చావు ఇంత దగ్గరగా ఒకే వరుసలో కనబడడం ఆశ్చర్యమే. అయితే ఇది అనొరెక్సియా వర్ణనే అని తేల్చేయడం తొందరపాటు. క్షయకూ ఈ వరుస సరిపోతుంది, ఆ కాలంలో క్షయే ఎక్కువ. తినకపోవడాన్ని కడుపు జబ్బుగా మాత్రమే చూడకుండా చెప్పుకోలేని సంగతి దాకా వెళ్లారన్నంతవరకే ఈ వాక్యం నుంచి తీసుకోవచ్చు. చింత, శోకం, భయం, క్రోధం ఉన్నప్పుడు మితంగా తిన్న మంచి అన్నం కూడా అరగదని చరకసంహిత కూడా చెప్పింది కాబట్టి మన ఆయుర్వేదం ఎరిగినవాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు.

మనసు నుంచి మొదలైన దాన్ని మనసుతోనే విప్పాలని ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ పేరిట ఒక కేసు ప్రసిద్ధం. కొత్తగా పెళ్లయిన ఒకామె భర్త వ్యాపారానికి వెళ్లి రెండేళ్లయినా తిరిగి రాలేదు. ఆమె తిండి మానేసింది, మతి లేనిదానిలా పడి ఉండేది, ఎప్పుడూ మంచం లోపలి వైపుకే తిరిగి కూర్చునేది. వేరే జబ్బేమీ లేదు. దాన్‌షీ నాడి చూసి, భర్త గురించిన చింతతో ప్లీహంలో చీ ముడిపడిందని, మందు ఒక్కటే పని చేయదని చెప్పాడు. సంతోషం కలిగితే ముడి విడుతుంది, అది కుదరకపోతే కోపం తెప్పించండి అన్నాడు. కోపం కాలేయానిది, కాలేయం కట్టె, కట్టె మట్టిని ఛేదిస్తుంది కదా. ఆమెను కావాలని రెచ్చగొట్టారు. మండిపడింది, దాదాపు ఆరు గంటలు ఏడ్చింది. తర్వాత ఓదార్చి ఒక మోతాదు మందు ఇస్తే గంజి పెట్టమని అడిగింది. అంతటితో వదల్లేదు. మళ్లీ ముడిపడకుండా సంతోషం కూడా కావాలని, భర్త దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని, నేడో రేపో వస్తున్నాడని అబద్ధం చెప్పించాడు. మూడు నెలలకు అతను నిజంగానే వచ్చాడట.

అంతకు ముందు తరాల వైద్యుడు జాంగ్ జీహ, 1156 నుంచి 1228 వరకు జీవించినవాడు, ఇంకాస్త చిత్రమైన పని చేశాడు. ఒక అధికారి భార్య తిండి ముట్టదు, అరుస్తుంది, తిడుతుంది, చుట్టూ ఉన్నవాళ్లను చంపేస్తానంటుంది. వైద్యులందరూ ఆరు నెలలపాటు మందులిచ్చారు, ఫలితం లేదు. ఇది మందులకు తగ్గేది కాదని జాంగ్ ఇద్దరు ఆడవాళ్లకు మొహం నిండా రంగులు పూయించి వేషగాళ్లలా ఆమె ముందుకు పంపాడు. ఆమె పడీపడీ నవ్వింది. మర్నాడు వాళ్లతోనే కుస్తీ పట్టించాడు, మళ్లీ నవ్వింది. ఇదంతా జరుగుతుండగా పక్కనే బాగా తినగల ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు ఆహా ఓహో అంటూ తినే ఏర్పాటు చేశాడు. చూసి చూసి ఆమె కూడా ఏదీ ఒక ముద్ద అని అడిగింది. కొద్ది రోజుల్లో కోపం తగ్గింది, తిండి పెరిగింది, మందు లేకుండానే కోలుకుంది.

ఈ కథలను వైద్యులు తమ గొప్పకు రాసుకున్నవిగానే చదవాలి, విఫలమైన కేసులు ఇలా పుస్తకాలకెక్కవు. పేషెంటును రెచ్చగొట్టడం, దొంగ ఉత్తరం చెప్పడం ఈ రోజుల్లో ఏ క్లినిక్‌లోనూ ఒప్పుకోరు. అయినా పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ తినడంలో మాత్రం పనికొచ్చేది ఉంది. టీనేజర్లలో అనొరెక్సియాకు ఇప్పుడు మంచి ఆధారాలున్న చికిత్స కుటుంబమే భోజనం బాధ్యత తీసుకుని, పిల్ల పక్కన కూర్చుని తినిపించే పద్ధతి. లండన్‌లో 1980ల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతికీ జాంగ్‌కూ సంబంధమేమీ లేదు, కాకపోతే తినడం నలుగురి మధ్య జరిగే పని అన్న సంగతి ఇద్దరికీ తట్టింది.

నేటి సంప్రదాయ వైద్యుడు వేషాలు వేయించడు. నాలుక చూస్తాడు, రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో పట్టుకుంటాడు, నిద్ర, విరేచనం, నెలసరి, చెమట గురించి అడుగుతాడు. అనొరెక్సియా అన్న పేరు మీద ఒకే మందు రాయడు, ఎందుకంటే ఆయన లెక్కలో అది ఒక జబ్బు కాదు. నాడి తీగలా బిగుసుకుని, పక్కటెముకల కింద పట్టేసినట్టుండి, నిట్టూర్పులు ఎక్కువైతే కాలేయపు చీ స్తంభించినట్టు. సోంగ్ రాజవంశపు కాలం నుంచి వాడుకలో ఉన్న షియావ్‌యావ్ చూర్ణం దానికి మొదటి ఎంపిక. నాలుక పాలిపోయి అంచుల మీద పళ్ల గుర్తులు పడితే ప్లీహం బలహీనం, జిన్‌సెంగ్, కమలాతొక్క ఉండే కషాయం ఇస్తారు. గొంతులో కాల్చిన మాంసం ముక్క ఇరుక్కున్నట్టు ఉందంటే సుమారు 1,800 ఏళ్ల కిందటి జాంగ్ ఝోంగ్‌జింగ్ రాసిన బాన్‌షియా హౌపో కషాయం. ఊరికే ఏడుపొస్తూ, దెయ్యం పట్టినట్టు ఉండే ఆడవాళ్లకు ఆయనే చెప్పిన మందులో మూడే సరుకులు: అతిమధురం, గోధుమలు, చైనా రేగుపళ్లు. మందు అనేకంటే వంట అనొచ్చు.

తెగ తినేసి తర్వాత కక్కేసే బులీమియా, అదుపు తప్పి తినేసే బింజ్ ఈటింగ్ దగ్గర వాళ్ల లెక్క మారుతుంది. తిన్న వెంటనే మళ్లీ ఆకలి వేయడాన్ని నైజింగ్ కాలం నుంచీ కడుపులో వేడి అంటారు. అణచిపెట్టిన కోపం మంటగా మారి కడుపుకు అంటుకుంటుందని, తిన్నదంతా అందులో బుగ్గి అవుతుందని వివరణ. పదేపదే కక్కేవాళ్లలో కడుపులోని తడి ఎండిపోతుందని, నాలుక మీద పూత ఊడి అద్దంలా నున్నగా అవుతుందని చెబుతారు. ఆధునిక మనస్తత్వ శాస్త్రం ఇదే చక్రాన్ని వేరేగా చూస్తుంది: పొద్దున్నుంచి కడుపు మాడ్చుకోవడం వల్లే రాత్రి ఆ దాడి జరుగుతుంది, తప్పు చేశానన్న బాధ తెల్లారి మళ్లీ ఉపవాసానికి దారి తీస్తుంది. కారణాలు కలవకపోయినా సలహా మాత్రం ఇద్దరిదీ ఒకటే, వేళకు తినమనే.

ఇక సూదులు, అంటే ఆక్యుపంక్చర్. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ఎముకకు బయటి పక్కన ఉండే జూసాన్‌లీ కడుపుకు, మణికట్టు లోపలి పక్కన నైగ్వాన్ వికారానికి, పాదం మీద బొటనవేలికీ రెండో వేలికీ మధ్య తైచోంగ్ కాలేయానికి వాడే బిందువులు. ఆస్ట్రేలియాలో అనొరెక్సియా పేషెంట్లకు మామూలు చికిత్సతోపాటు ఆక్యుపంక్చర్ ఇచ్చి చూసిన చిన్న అధ్యయనాలున్నాయి. బరువు విషయంలో సూదులదే పైచేయి అనదగ్గ ఫలితం రాలేదు. పేషెంట్లు మెచ్చుకున్నది వేరే: కాసేపు ప్రశాంతంగా పడుకోవడం, తమ బరువు గురించి ఎత్తకుండా శ్రద్ధగా మాట్లాడే మనిషి దొరకడం. చైనాలోనే జరిగే ప్రయోగాల్లో ఫలితాలు దాదాపు ఎప్పుడూ గొప్పగానే ఉంటాయి, అదే అనుమానానికి కారణం. 1998లో వివిధ దేశాల ఆక్యుపంక్చర్ ప్రయోగాలను పోల్చిన ఒక పరిశీలనలో చైనా నుంచి వచ్చినవన్నీ సానుకూలమే అని తేలింది. ఏ వైద్యమూ నూటికి నూరుసార్లు గెలవదు. పైగా చైనా పత్రికల్లో తిండి సయించకపోవడానికి మూలికల మందుల గురించి కనిపించే పరిశోధనలో చాలా భాగం అన్నం తినకుండా సతాయించే చిన్నపిల్లల గురించి. ఆ ఫలితాలను పదహారేళ్ల అనొరెక్సియా పేషెంటుకు అన్వయించడం కుదరదు.

అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. జిన్‌సెంగ్, కమలాతొక్కల కషాయాన్నే జపాన్‌లో రిక్కున్‌షితో పేరుతో వాడతారు. అది ఆకలి హార్మోను ఘ్రెలిన్‌ను పెంచుతుందని అక్కడి పరిశోధకులు చూపించారు. క్యాన్సర్ మందుల వల్ల తిండి సహించనివాళ్లకు ఇది ఆసక్తికరమైన విషయమే. అనొరెక్సియాలో మాత్రం ఒళ్లు చిక్కినకొద్దీ రక్తంలో ఘ్రెలిన్ ముందే పెరిగిపోయి ఉంటుంది. శరీరం అన్నం కోసం గోల పెడుతూనే ఉంటుంది. ఈ జబ్బులో ఉన్నవాళ్లు రోజంతా తిండి గురించే ఆలోచిస్తారు, వంటల వీడియోలు చూస్తారు, ఇంట్లో అందరికీ వండి వడ్డించి తాము మాత్రం తినరు. వాళ్లకు ఆకలి పుట్టించే మందు ఇవ్వడం అంటే భయాన్ని ఇంకాస్త పెంచడమే. ప్లీహాన్ని బాగుచేస్తే మనిషి తింటుందన్న నమ్మకం దాన్‌షీ చూసిన ఆ కొత్త పెళ్లికూతురి విషయంలో సరిపోతుంది. క్యాలరీలు లెక్కపెట్టే అమ్మాయి విషయంలో సరిపోదు.

హాంకాంగ్‌లో ఈ రెండో రకం ఎలా పెరిగిందో సింగ్ లీ దగ్గరే లెక్కలున్నాయి. 1994లో ఒక 14 ఏళ్ల విద్యార్థిని బాగా చిక్కిపోయి నడివీధిలో కూలి చనిపోయింది. పత్రికలు ఆ వార్తను మోసాయి, పాశ్చాత్య నిపుణుల మాటల్లో అనొరెక్సియా అంటే ఏమిటో ఊరంతటికీ వివరించాయి. తర్వాతి ఏళ్లలో లావు భయం చెప్పే పేషెంట్ల వాటా పెరుగుతూ వచ్చింది. 1987 నుంచి 2007 దాకా ఒక హాంకాంగ్ క్లినిక్ రికార్డులు చూసిన అధ్యయనంలో ఆ మార్పు స్పష్టంగా కనబడింది. పత్రికల వల్లే అని ఒక్క కారణానికి కట్టేయలేం, సన్నటి మోడళ్లూ డైటింగ్ వ్యాపారమూ అప్పటికే వచ్చేశాయి. చైనా ప్రధాన భూభాగమూ ఆ బాటే పట్టింది. 2016లో అక్కడి సోషల్ మీడియాలో నడుము ఏ4 కాగితం వెడల్పులో దాగాలని ఫొటోలు పెట్టడం ఒక పిచ్చిగా సాగింది. మరోవైపు లావు భయం లేనివాళ్లను వదిలేయకూడదన్న పాఠమూ కొంత ఎక్కింది. 2013లో వచ్చిన అమెరికా సైకియాట్రీ నియమావళి డీఎస్‌ఎమ్-5 ప్రకారం ఆ భయం మాటల్లో చెప్పకపోయినా, బరువు పెరగకుండా అడ్డుపడే ప్రవర్తన కొనసాగుతుంటే నిర్ధారణకు సరిపోతుంది.

సంప్రదాయ వైద్యం ఈ కథలో బయట నిలబడి చూసే పెద్దమనిషేమీ కాదు. సన్నబడడానికి ఆక్యుపంక్చర్, బిందువుల దగ్గర చర్మం కింద దారం కుట్టి వదిలేయడం చైనాలో బాగా నడిచే సేవలు. ధాన్యం మానేసి గాలి పీల్చి బతకాలన్న దావో మతపు సాధన బిగూ ఇప్పుడు బరువు తగ్గించే క్యాంపుల పేరు. 1973లో మావాంగ్‌దుయి సమాధిలో దొరికిన పట్టు రాతల్లోనే ఆ సాధన వివరాలున్నాయి, ఆ సమాధి మూసింది క్రీస్తుపూర్వం 168లో. సన్నబడే టీ అని అమ్మే పొట్లాల్లో చాలావాటికి పట్టు సునాముఖి ఆకే, అంటే విరేచనాల మందు. మూలికే కదా అని రోజూ తాగే బులీమియా పేషెంటు రక్తంలో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. బెల్జియంలో 1990ల మొదట్లో జరిగింది ఇంకా ఘోరం. బ్రస్సెల్స్‌లో ఒక స్లిమ్మింగ్ క్లినిక్ ఇచ్చిన గుళికల్లో ఒక చైనా మూలిక బదులు దాన్ని పోలిన పేరున్న అరిస్టొలోకియా జాతి మూలిక కలిసిపోయింది. వందమందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది.

తిండి విషయంలో ఆ వైద్యం చెప్పేది సగం మేలు, సగం చిక్కు. వేడిగా, మెత్తగా, వేళకు తినమంటారు. బియ్యపు గంజి, కొర్రల గంజి, గుమ్మడికాయ, తామరగింజలు, పెండలం లాంటి దుంప, రేగుపళ్లు పెట్టమంటారు. పచ్చి కూరలు, చల్లటివి ప్లీహాన్ని దెబ్బతీస్తాయంటారు. మూడు పూటలా సలాడ్ నమిలే అమ్మాయితో క్యాలరీ అన్న మాట లేకుండా భోజనం గురించి మాట్లాడే వీలు ఇక్కడ దొరుకుతుంది. అదే నోటితో ఇది చలవ, అది వేడి, అది కఫం అని జాబితా ఇస్తే, అసలే తిండికి భయపడే మనిషికి మానేయడానికి ఇంకో పది సరుకులు దొరికినట్టే. పథ్యాన్ని ఎవరికి చెప్పకూడదో తెలిసిన వైద్యుడు అరుదు.

ఇలా చూస్తే దీని చోటు ఎక్కడో తేలుతుంది. బరువు తిరిగి వచ్చే దశలో వేధించే ఉబ్బరానికి, నిద్ర పట్టకపోవడానికి, ఆందోళనకు సూదులో తేలికపాటి కషాయమో పక్కవాయిద్యంగా పనికిరావచ్చు. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లామని నలుగురికీ తెలుస్తుందేమోనని వెనకాడే కుటుంబం మొదట మూలికల వైద్యుడి గుమ్మమే తొక్కుతుంది, కాబట్టి జబ్బును ముందుగా పసిగట్టే అవకాశం కూడా ఆయనదే. నెలసరి ఆగిందని వచ్చిన అమ్మాయికి నెలసరి తెప్పించే మందు ఇచ్చి పంపేస్తే ఆ అవకాశం పోయినట్టే. షాంఘై మానసిక ఆరోగ్య కేంద్రం, పెకింగ్ విశ్వవిద్యాలయపు ఆరవ ఆసుపత్రి లాంటి చోట్ల ఈటింగ్ డిజార్డర్లకు ప్రత్యేక విభాగాలున్నాయి. సంప్రదాయ వైద్యుడు అలాంటి చోటికి త్వరగా పంపగలగడం ఏ కషాయంకన్నా విలువైనది.

తినడం మొదలుపెట్టాక కూడా గండం ఉంటుందని ఆ సంప్రదాయంలోనే ఒకరు చూశారు. 1232లో మంగోలుల ముట్టడిలో కైఫెంగ్ నగరం పక్షం రోజులు నలిగింది. ముట్టడి ఎత్తేశాక పన్నెండు ద్వారాల నుంచీ ఒక్కో ద్వారం గుండా రోజుకు వెయ్యి నుంచి రెండు వేల శవాలు బయటికి వెళ్లాయని, దాదాపు మూడు నెలలు అలాగే సాగిందని వైద్యుడు లీ దోంగ్‌యువాన్ రాశాడు. తోటి వైద్యులు దాన్ని బయటి నుంచి సోకిన చలిజబ్బుగా భావించి మందులిస్తుంటే, ఆయన ఒప్పుకోలేదు. కొంతకాలంగా ఆకలితో, అలసటతో ప్లీహం, కడుపు దెబ్బతిన్నవాళ్లు ఒక్కసారిగా కడుపునిండా తినడం వల్ల పోతున్నారన్నాడు. చరిత్రకారులు అందులో అంటురోగం పాలు ఎంతో ఇంకా తర్కించుకుంటూనే ఉన్నారు. అయితే బాగా మాడిన శరీరానికి హఠాత్తుగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి ప్రాణం పోతుందన్నది ఇప్పుడు రుజువైన విషయం, దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే బాగా చిక్కిపోయిన అనొరెక్సియా పేషెంటుకు మొదటి వారం థయమిన్ (విటమిన్ బి1) ఇస్తూ, తిండి మోతాదును మెల్లగా పెంచుతూ, రోజూ రక్తపరీక్షలు చేస్తారు. ఆ వారం గడిచేది ఆసుపత్రి మంచం మీదే, గంజి పెట్టినా సూది వేసినా అక్కడే.